మంచి ఫైటర్లున్న కంపెనీలు ఎందుకు మూతపడ్డాయి? యూఎఫ్‌సీ, దాని పోటీదార్లు, మధ్యలో టీవీ

నాగావళి గట్టు | శ్రీకాకుళం | ఆదివారం ఉ. 11:20

అందరికీ నమస్కారం. 2025 ఆగస్టులో వచ్చిన వార్త చూసే ఉంటారు. యూఎఫ్‌సీ అంటే బోనులో ఫైట్లు పెట్టే అమెరికా కంపెనీ. అక్కడ దాని ప్రసార హక్కుల్ని పారమౌంట్ అనే మీడియా కంపెనీ ఏడేళ్లకు 770 కోట్ల డాలర్లు పెట్టి తీసుకుంది. 2026 నుంచి అక్కడ పీపీవీ, అంటే ఒక్కో ఫైట్ రాత్రికీ విడిగా డబ్బు కట్టి చూసే పద్ధతి, ఉండదట.

దీని మీద పొద్దున్నే ఏడు రోడ్ల కూడలి దగ్గర టీ కొట్టులో గొడవైపోయింది. "యూఎఫ్‌సీ దగ్గర మంచి ఫైటర్లున్నారు, అందుకే మిగతా కంపెనీలు పోయాయి" అని మా వాడొకడు. నేను ఒప్పుకోను. 2004, 2005 ప్రాంతంలో ఫెడోర్ ఎమెలియానెంకో ఎక్కడున్నాడు? క్రో కాప్, నోగైరా, వాండర్లే సిల్వా ఎక్కడున్నారు? అందరూ జపాన్‌లో, ప్రైడ్ అనే కంపెనీలో. ఆ ప్రైడ్‌నే 2007లో యూఎఫ్‌సీ యజమానులు కొన్నారు, తర్వాత అది మళ్లీ లేవలేదు.

నా అనుమానమంతా టీవీ మీద. మీరేమంటారు?

పలాస జీడిపప్పు | ఆదివారం ఉ. 11:34

ఇవన్నీ డబ్ల్యూడబ్ల్యూఈ లాగ ముందే అనుకుని కొట్టుకునేవి కాదా అన్నా? టెన్ స్పోర్ట్స్‌లో చూసి చూసి, చిన్నప్పుడు ట్రంప్ కార్డులు కొని కొని మోసపోయాం. మళ్లీనా?

గంటస్తంభం గాలి | విజయనగరం | ఆదివారం ఉ. 11:41

కాదు తమ్ముడూ, ఇవి నిజం దెబ్బలే. కానీ నీ అనుమానంలో ఒక తమాషా ఉంది. 2023 నుంచి ఆ రెండూ ఒకే గొడుగు కిందున్నాయి, టీకేవో అనే కంపెనీ. అసలు యూఎఫ్‌సీ బతికిందే డబ్ల్యూడబ్ల్యూఈ వెనక నిలబడి. మటన్ కొట్టు దగ్గర లైన్‌లో ఉన్నాను, ఇంటికెళ్లి రాస్తాను.

కేబుల్ మావయ్య | చీపురుపల్లి | ఆదివారం మ. 12:15

మీరందరూ టీవీ ముందు కూర్చున్నవాళ్లు. నేను వైరు లాగినవాణ్ని. ఇరవై రెండేళ్లు కేబుల్ నడిపి, ఇంటింటికీ డిష్‌లొచ్చాక వదిలేశాను.

అప్పట్లో ఒక చానెల్‌లో ఏమొస్తోందన్నది తర్వాతి సంగతి. ఎన్నో నంబరు మీద వస్తోందన్నదే ముందు చూసుకోవాలి. పాత టీవీల్లో పై నంబర్ల మీద పెట్టిన చానెల్ చుక్కలు చుక్కలుగా వచ్చేది, ఎవడూ అక్కడిదాకా నొక్కేవాడు కాదు. కింది నంబర్లలో, జెమినీకీ ఈటీవీకీ పక్కన చోటు కావాలంటే ఆ చానెల్ వాళ్లే పైనున్న పెద్ద ఆపరేటర్‌కి క్యారేజ్ ఫీజు కట్టేవారు. అంటే చూసేవాడూ డబ్బు కట్టాలి, చూపించేవాడూ కట్టాలి. వైరు చేతిలో ఉన్నవాడు కుర్చీలో కూర్చుని రెండు చేతులా తీసుకునేవాడు. నా దాకా వచ్చేసరికి చిల్లరే మిగిలేదనుకోండి, అది వేరే ఏడుపు.

అమెరికాలోనూ ఇదే జరిగింది. యూఎఫ్‌సీ 1993 నవంబర్లో డెన్వర్‌లో మొదలైంది, మొదట్లో పీపీవీలో బాగానే ఆడింది. జాన్ మెకెయిన్ అనే సెనేటర్ దాన్ని మనుషుల కోడిపందెం అన్నాడు. 1997కల్లా పెద్ద కేబుల్ కంపెనీలు చూపించడం మానేశాయి. ఫైటర్లు అలాగే ఉన్నారు, బోను అలాగే ఉంది, వైరు తెగింది. 2001 జనవరిలో ఫెర్టిట్టా అన్నదమ్ములు మొత్తం కంపెనీని 20 లక్షల డాలర్లకు కొన్నారు. ఇప్పుడు ఏడేళ్ల ప్రసారానికే 770 కోట్లు. రెండు అంకెలూ పక్కపక్కన రాసుకుని చూడండి.

నాగావళి గట్టు | ఆదివారం మ. 12:22

మావయ్యా, ఈ మాటలు టీ కొట్టులో ఉండుంటే పందెం గెలిచేవాణ్ని.

గంటస్తంభం గాలి | ఆదివారం మ. 2:50

తిని కూర్చున్నాను. ఇప్పుడు అసలు కథ.

కొన్నాక కూడా ఫెర్టిట్టాలకు కలిసి రాలేదు. 2004కల్లా మూడు కోట్ల డాలర్లకు పైగా పోయాయి. అప్పుడు ఒక రియాలిటీ షో ఆలోచన. ఫైటర్లందరినీ ఒకే ఇంట్లో పెట్టి, కొట్టించి, గెలిచినవాడికి కాంట్రాక్టు. పేరు ది అల్టిమేట్ ఫైటర్. చానెళ్లేవీ ముందుకు రాలేదు. చివరికి స్పైక్ టీవీ ఒప్పుకుంది, కానీ షో తీసే ఖర్చు, కోటి డాలర్లు, మీరే పెట్టుకోండంది. పెట్టుకున్నారు.

మావయ్య చెప్పిన నంబరు సంగతి ఇక్కడ చూడండి. 2005 జనవరిలో ఆ షోకి దొరికిన స్లాట్ సోమవారం రాత్రి, డబ్ల్యూడబ్ల్యూఈ 'రా' అయిపోగానే. కుస్తీ చూడ్డానికి కూర్చున్న కుర్రాళ్లు లేవకముందే ఇది మొదలయ్యేది. ఏప్రిల్ 9న ఫైనల్‌లో ఫారెస్ట్ గ్రిఫిన్, స్టెఫాన్ బోనర్ పదిహేను నిమిషాలు ఒళ్లు తెలియకుండా కొట్టుకున్నారు. టెక్నిక్ పరంగా అదేమీ గొప్ప ఫైట్ కాదు, నన్ను తిట్టినా ఫరవాలేదు. కానీ పీపీవీ డబ్బు కట్టకుండా, మామూలు కేబుల్‌లో, లైవ్‌గా జనం చూశారు.

అదే ఏడాది అక్టోబర్లో 'రా' స్పైక్‌ని వదిలి యూఎస్ఏ నెట్‌వర్క్‌కి వెళ్లిపోయింది. అక్కడ వాళ్ల మొదటి రాత్రి అక్టోబర్ 3. సరిగ్గా ఆ రాత్రే స్పైక్ యూఎఫ్‌సీ లైవ్ పెట్టింది. నిన్నటిదాకా ఒకే ఇంట్లో ఉన్నవాళ్లు, వేరుపడిన రోజునే వాకిట్లో పోటీ పొయ్యి పెట్టినట్టు.

పలాస జీడిపప్పు | ఆదివారం మ. 3:05

ఓహో, ఇది మన సంక్రాంతి సినిమాల గొడవే కదా! వాడు 12న వస్తున్నాడంటే మనం కూడా 12నే. థియేటర్లు ఎవడి చేతిలో ఉంటే వాడిదే పండగ.

ఇప్పుడు అర్థమైంది. ఇక చెప్పండి, వింటాను.

మూడు లాంతర్లు | విజయనగరం | ఆదివారం సా. 4:30

జీడిపప్పూ, నీకు నచ్చే ముక్క ఒకటుంది. జపాన్, 2003 డిసెంబర్ 31. ఆ రాత్రి దేశమంతా ఎన్‌హెచ్‌కేలో, అంటే వాళ్ల దూరదర్శన్ లాంటి దాంట్లో, పాటల కార్యక్రమం చూడటం వాళ్ల ఆనవాయితీ. ఆ ఏడాది మూడు ఫైట్ కంపెనీలు మూడు చానెళ్లలో ఒకే రాత్రి దిగాయి. ప్రైడ్ ఫుజీ టీవీలో, కె-1 టీబీఎస్‌లో, ఇనోకి అనే పాత కుస్తీవీరుడి వాళ్లది నిప్పన్ టీవీలో. ఒకే పండక్కి మూడు పెద్ద సినిమాలు.

గెలిచిందెవరు? ఫైట్ పరంగా ప్రైడ్ కార్డు, అంటే ఆ రాత్రి ఫైట్ల జాబితా, గొప్పది. కానీ కె-1 వాళ్లు బాబ్ సాప్ అనే కొండలాంటి మనిషిని, అకెబోనో అనే మాజీ సుమో యోకోజునని (సుమోలో అన్నిటికంటే పై హోదా) ఎదురెదురుగా నిలబెట్టారు. ఆ కాసిన్ని నిమిషాలు జనం పాటలు వదిలేసి ఇటు తిప్పారు. ఎన్‌హెచ్‌కే రేటింగ్‌ని దాటింది. కాసేపే, కానీ దాటింది.

ప్రైడ్ చావు కూడా టీవీ వల్లే. 2006లో ఒక వారపత్రిక ప్రైడ్‌కి యాకుజాతో, అంటే జపాన్ మాఫియాతో, సంబంధాలున్నాయని వరసగా రాసింది. జూన్‌లో ఫుజీ టీవీ ఒప్పందం తెంచేసుకుంది. ఏడాది తిరక్కుండా కంపెనీ అమ్మేశారు. ఫెడోర్ అప్పటికీ ప్రైడ్‌లో ఓడిపోని చాంపియనే. అయినా ఏం లాభం?

నాగావళి గట్టు | ఆదివారం సా. 4:41

ఇదే నేనన్నది! టీవీ ఉంటే ఉన్నారు, లేకపోతే లేరు. కేసు కొట్టేశారు.

రాజాం రైట్‌హుక్ | ఆదివారం రా. 8:10

అప్పుడే కొట్టేయకు తమ్ముడూ. అప్పీలు నాది.

టీవీ ఉంటే చాలంటే ఎలైట్ ఎక్స్‌సీ అనే పోటీ కంపెనీ ఎందుకు పోయింది? వాళ్లకి దొరికింది ఏదో మారుమూల కేబుల్ కాదు, సీబీఎస్. అమెరికాలో యాంటెన్నా పెట్టుకున్న ప్రతి ఇంటికీ వచ్చే చానెల్. 2008 మే 31న అక్కడ నెట్‌వర్క్ టీవీ ప్రైమ్‌టైమ్‌లో మొదటిసారి ఎంఎంఏ (గుద్దులు, తన్నులు, కుస్తీ అన్నీ కలిసిన ఈ ఫైట్ల ఆట) చూపించింది వాళ్లే, యూఎఫ్‌సీ కాదు. యూఎఫ్‌సీ ఫాక్స్ అనే అలాంటి నెట్‌వర్క్‌కి చేరడానికి ఇంకో మూడేళ్లు పట్టింది.

ఏం చేశారు? మొత్తం దుకాణాన్ని కింబో స్లైస్ అనే ఒక్క మనిషి మీద పెట్టారు. వీధి కొట్లాటల వీడియోలతో నెట్లో పేరొచ్చినవాడు. మంచి మనిషే అంటారు, గడ్డం చూస్తే భయమేస్తుంది, టీవీకి సరిగ్గా సరిపోయాడు. సీబీఎస్‌లో మొదటి ఫైట్ జేమ్స్ థాంప్సన్‌తో. థాంప్సన్ చెవి అప్పటికే బుడగలా ఉబ్బి ఉంది, మూడో రౌండ్‌లో అది పగిలింది, ఫైట్ ఆపేశారు. అది చూసి మా అమ్మ నన్ను ప్రాక్టీసు మానిపించబోయింది.

అక్టోబర్ 4న కింబోకి కెన్ షామ్రాక్‌తో ఫైట్. ఆ రోజే షామ్రాక్ కనుబొమ్మ చిట్లించుకుని తప్పుకున్నాడు. అప్పటికప్పుడు అండర్‌కార్డులోంచి, అంటే ముందు జరిగే చిన్న ఫైట్లలోంచి, సెత్ పెట్రుజెల్లిని తెచ్చి నిలబెట్టారు. 14 సెకన్లు. కింబో కింద పడ్డాడు. ఆ నెల దాటకుండా కంపెనీ మూసుకుంది.

లక్షల మంది చూస్తుండగా పడ్డాడు కాబట్టే అంత తొందరగా పోయింది. ఏ ఫంక్షన్ హాల్లోనో పడుంటే ఇంకో ఆర్నెల్లు బండి నడిచేది.

పలాస జీడిపప్పు | ఆదివారం రా. 8:19

అక్కా, దణ్ణం. 14 సెకన్లంటే మా ఇంట్లో రిమోట్ దొరికే లోపు.

గంటస్తంభం గాలి | ఆదివారం రా. 8:52

రైట్‌హుక్ గారి పాయింటు ఒప్పుకుంటాను. దానికి ఇంకో ముక్క కలుపుతాను. 2011 నవంబర్ 12న ఫాక్స్‌లో యూఎఫ్‌సీ మొదటి రాత్రి కూడా అలాంటిదే. గంట కార్యక్రమం, ఒకే ఒక్క ఫైట్, కెయిన్ వెలాస్క్వెజ్, జూనియర్ డాస్ శాంటోస్. 64 సెకన్లలో అయిపోయింది. సగటున 57 లక్షల మంది చూశారు. జనానికి ఫైట్ కంటే మాటలే ఎక్కువ దొరికాయి.

కానీ కంపెనీకి ఏమీ కాలేదు. ఎందుకంటే చాంపియన్ ఓడితే గెలిచినవాడూ వాళ్లవాడే. ఎవడు పడ్డా బెల్టు ఇంట్లోనే ఉంటుంది. కింబో పడితే ఎలైట్ ఎక్స్‌సీకి ఇంకేమీ మిగల్లేదు.

నాగావళి గట్టు | ఆదివారం రా. 9:03

మరి అఫ్లిక్షన్ అనే ఇంకో కంపెనీ? వాళ్ల దగ్గర ఫెడోర్ కూడా ఉన్నాడు కదా. సీబీఎస్‌లో వచ్చిందీ వాళ్లే అనుకుంటా.

గంటస్తంభం గాలి | ఆదివారం రా. 9:20

కాదు, అఫ్లిక్షన్ పీపీవీ. సీబీఎస్‌లో ఎలైట్ ఎక్స్‌సీ, తర్వాత స్ట్రైక్‌ఫోర్స్ అనే మరో కంపెనీ. ఫెడోర్ సీబీఎస్‌లో కనిపించింది స్ట్రైక్‌ఫోర్స్ తరఫున, 2009 నవంబర్లో, బ్రెట్ రోజర్స్ మీద.

అఫ్లిక్షన్ అసలు టీషర్టుల కంపెనీ. 2008 జులై 19న మొదటి షో, ఫెడోర్, టిమ్ సిల్వియా. ఫెడోర్ 36 సెకన్లలో ముగించాడు. ఆ రోజు యూఎఫ్‌సీ ఏం చేసింది? తన చాంపియన్ ఆండర్సన్ సిల్వాని తీసుకొచ్చి, జేమ్స్ ఇర్విన్‌తో, స్పైక్‌లో, పీపీవీ లేకుండా పెట్టింది. అవతల ఫెడోర్‌ని చూడాలంటే పీపీవీ కొనాలి, ఇవతల సిల్వా మామూలు కేబుల్‌లో వస్తాడు. ఏడాదికి అఫ్లిక్షన్ మళ్లీ టీషర్టులకి వెళ్లిపోయింది.

తర్వాత అదే మందు యూఎఫ్‌సీకీ తగిలింది. 2012లో యూఎఫ్‌సీ ఫాక్స్ చానెళ్లకి వెళ్లాక కూడా స్పైక్ దగ్గర పాత ఫైట్ల హక్కులు మిగిలిపోయాయి. కొత్త యూఎఫ్‌సీ లైవ్ వస్తున్న రాత్రి స్పైక్‌లో పాత యూఎఫ్‌సీ వేసేవారు. మన పాత ఫోటోనే మన మీద పోటీకి నిలబెట్టడమన్నమాట. 2013 జనవరి నుంచి ఆ చానెల్‌లో బెల్లాటర్ అనే పోటీ కంపెనీ దిగింది.

మూడు లాంతర్లు | ఆదివారం రా. 9:48

బెల్లాటర్ కథ ముగిసింది కూడా టీవీ యజమాని చేతిలోనే. 2011లో స్పైక్ యజమాని వయాకామ్ దాన్ని కొంది. ఆ వయాకామ్ తర్వాత పారమౌంట్ అయింది. 2023 నవంబర్లో పీఎఫ్ఎల్ అనే ఇంకో ఫైట్ కంపెనీ బెల్లాటర్‌ని కొనుక్కుంది. ఇప్పుడు అదే పారమౌంట్ యూఎఫ్‌సీకి 770 కోట్లు ఇస్తోంది. పన్నెండేళ్లు పెంచిన కొడుకుని పంపించేసి పక్కింటి కొడుకుని దత్తత తీసుకున్నట్టుంది. ఈ మధ్యలో పారమౌంట్ యజమానులూ మారారు, అది వేరే.

కేబుల్ మావయ్య | సోమవారం ఉ. 6:40

రాత్రి నిద్ర పట్టక అంతా చదివాను. మీరు ఒక ప్రశ్న వదిలేస్తున్నారు. ఎవరు ఎవరికి డబ్బు కడుతున్నారు?

2005లో యూఎఫ్‌సీ తన డబ్బుతో షో తీసి చానెల్‌కి ఇచ్చింది. 2018లో ఈఎస్పీఎన్ అయిదేళ్లకు 150 కోట్ల డాలర్లు ఇస్తానంది. ఈ రెంటికీ మధ్యనే మిగతావాళ్లలో చాలామంది పోయారు. టీవీలో కనిపించడం వేరు, టీవీ నుంచి తీసుకోవడం వేరు. మా రోజుల్లో కూడా అంతే. రోజంతా చానెల్ వచ్చేది, కానీ క్యారేజ్ కట్టలేక నెల తిరిగేసరికి మాయమయ్యేవి ఎన్నో. జనం ఫోన్ చేసి నన్ను తిట్టేవారు, నేనేదో వైరు పీకేసినట్టు.

ఇంకొకటి. మనకి పీపీవీ అన్నదే లేదు. సోనీ ప్యాక్ ఉంటే ఆదివారం పొద్దున అందరితో పాటు అదే కార్డు వచ్చేది. అమెరికావాడు ఒక్కో రాత్రికీ 80 డాలర్లు పెట్టి చూసినదాన్ని మనం ఇడ్లీ తింటూ చూశాం. కాబట్టి అక్కడ పీపీవీ పోయినా మనకి మారేది పెద్దగా ఏమీ లేదు.

రాజాం రైట్‌హుక్ | సోమవారం మ. 1:15

మావయ్య గారూ, ఆ తీసుకున్న దాంట్లో ఫైటర్ల వాటా సుమారు అయిదో వంతే. 2014లో ఫైటర్లే కోర్టుకెళ్లారు, పోటీ కంపెనీల్ని కొనేసి, మూసేసి, మాకు బేరం లేకుండా చేశారని. 2025 ఫిబ్రవరిలో 37 కోట్ల 50 లక్షల డాలర్ల రాజీకి కోర్టు ఆమోదం తెలిపింది. స్ట్రైక్‌ఫోర్స్ ఉన్నప్పుడే బాగుండేదని నేననేది అందుకే. 2009 ఆగస్టులో అక్కడ జినా కరానో, క్రిస్ సైబోర్గ్ అనే ఇద్దరు ఆడవాళ్లు మెయిన్ ఈవెంట్‌గా షోటైమ్ చానెల్‌లో వచ్చారు. అప్పటికి యూఎఫ్‌సీలో ఆడవాళ్ల విభాగమే లేదు. పక్క కొట్టు ఉంటేనే ఈ కొట్టువాడు తూకం సరిగ్గా వేస్తాడు.

మన సంగతికొస్తే, 2012లో ముంబయిలో సూపర్ ఫైట్ లీగ్ మొదలుపెట్టారు, రాజ్ కుంద్రా, సంజయ్ దత్. మొదటి షో మెయిన్ ఈవెంట్ ఎవరో తెలుసా? జపాన్‌లో ఎన్‌హెచ్‌కేని దాటిన బాబ్ సాప్, సీబీఎస్‌లో చెవి పగిలిన జేమ్స్ థాంప్సన్! రెండు దేశాల టీవీలు వాడేసిన సరుకు మన దగ్గర కొత్తగా దించారు. సాప్ తన కాలే పట్టేయడంతో మొదటి రౌండ్‌లోనే ఆగిపోయాడు.

మ్యాట్రిక్స్ ఫైట్ నైట్ కొంచెం నయం, అది 2019లో మొదలైంది. టైగర్ ష్రాఫ్ కుటుంబానిది. పూజా తోమర్, అన్షుల్ జూబ్లీ ఇద్దరూ ఆ మెట్టు మీంచే యూఎఫ్‌సీకి ఎక్కారు. 2024 జూన్‌లో పూజ గెలిచిన రోజు నేను మా జిమ్ పిల్లలందరికీ టిఫిన్లు పెట్టించాను. యూఎఫ్‌సీలో గెలిచిన తొలి భారతీయురాలు. మర్నాడు పేపర్లో ఆటల పేజీలో అంతా క్రికెట్టే, నేను భూతద్దం పెట్టి వెతికాను.

పలాస జీడిపప్పు | సోమవారం మ. 1:40

కోడి రామ్మూర్తి నాయుడు పుట్టిన గడ్డ మనది. వీరఘట్టం నుంచి బయల్దేరి ఏ టీవీ ఉందని అంత పేరు తెచ్చుకున్నాడు? డేరా వేసి, ఛాతీకి గొలుసు చుట్టి ఊపిరి బిగించి తెంపితే జనమే వచ్చారు.

మూడు లాంతర్లు | సోమవారం మ. 2:12

ఆయనకి సర్కస్ కంపెనీ ఉంది బావూ. డేరా తనదే, టికెట్టు తనదే. మావయ్య భాషలో చెప్పాలంటే వైరు ఆయన చేతిలోనే ఉంది.

రాజాం రైట్‌హుక్ | సోమవారం రా. 9:30

ఇంత మాట్లాడుకున్నాం కదా, మన ఊరి సంగతి ఒకటి చెప్తాను. పేర్లు అడగొద్దు.

పోయిన ఏడాది మేము ఒక చిన్న ఫైట్ నైట్ పెట్టాం. ఫంక్షన్ హాలు, అద్దె మ్యాట్లు, పద్నాలుగు బౌట్లు. అమ్మాయిలవి మూడు. తేదీ నెల ముందే చెప్పాం. పోస్టర్ అంటించిన నాలుగో రోజుకి పక్క సంఘం వాళ్లు కూడా పోస్టర్ వేశారు. అదే ఆదివారం, పన్నెండు కిలోమీటర్ల దూరంలో. ఎంట్రీ ఫీజు లేదు, భోజనాలు ఉచితం. సిల్వా, ఇర్విన్ స్పైక్‌లో పెట్టినట్టే! మా పద్నాలుగు బౌట్లు ఆరయ్యాయి. వాళ్ల దగ్గర కూడా బరువుకి జోడీ కుదరక 60 కేజీల వాణ్ని 68తో దింపారట.

ఊళ్లో లోకల్ చానెల్ వాళ్లని లైవ్ అడిగితే రెండు గంటలకి ఇంతని చెప్పారు. మా దగ్గర అంత లేదు. చివరికి ఒక పిల్లాడి ఫోన్ స్టాండుకి కట్టి యూట్యూబ్‌లో పెట్టాం. రెండో బౌట్‌లో వాళ్లమ్మ ఫోన్ చేసింది, లైవ్ పోయింది.

కేబుల్ మావయ్య | సోమవారం రా. 9:52

అమ్మా, ఈసారి నాకు చెప్పు. పాత కెమెరామెన్‌లు ఇద్దరు ఖాళీగానే ఉన్నారు, పెళ్లిళ్ల సీజన్ కాకపోతే పెట్రోలుకే వస్తారు. ఒకటి పైనుంచి, ఒకటి మ్యాట్ పక్కన. మిక్సర్ నా దగ్గరుంది, అటక మీద. మీది ఒక్కటే కాదు, ఆ పక్క సంఘం వాళ్లదీ చూపిద్దాం, వేరే వారం. రెండు వారాలు వరసగా వస్తే చూసేవాడికి అలవాటవుతుంది.

రాజాం రైట్‌హుక్ | సోమవారం రా. 10:05

మీ నోట్లో పంచదార పొయ్య. వాళ్ల మాస్టారికి ఇప్పుడే ఫోన్ చేశాను. చాలా మర్యాదగా మాట్లాడారు. అలాగే అమ్మా, కలిసి చేద్దాం అన్నారు. మేము అక్టోబర్ రెండో ఆదివారం అనుకుంటున్నామని చెప్పాను.

నాగావళి గట్టు | సోమవారం రా. 10:08

టీ కొట్టు బ్యాచ్ మొత్తం వస్తాం. కుర్చీలు మేము వేస్తాం.

గంటస్తంభం గాలి | మంగళవారం ఉ. 7:15

వ్యాఖ్యానం నాకు వదిలేయండి. జీడిపప్పుకి మైకు ఇవ్వొద్దు.

రాజాం రైట్‌హుక్ | బుధవారం సా. 5:40

పక్క సంఘం పోస్టర్ ఇప్పుడే వాట్సాప్‌లో వచ్చింది. అక్టోబర్ రెండో ఆదివారం. ఈసారి టీషర్టులు కూడా ఉచితం.

కేబుల్ మావయ్య | బుధవారం సా. 5:58

ఎన్నింటికి మొదలెడుతున్నారో కనుక్కో.